పడుకుంటే ఒక బీపీ, నిలబడితే ఒక బీపీ

పార్కిన్సన్స్ వ్యాధి మందుల గురించి గత సంచికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా రక్తనాళాల ప్రస్తావనే ఉంది. ఇది నరాల జబ్బా, రక్తనాళాల జబ్బా అని కొందరు సూటిగా అడిగారు. మరికొందరు తమ ఇంట్లో జరుగుతున్నది రాసి, ఏం చేయాలో చెప్పమన్నారు. ఈసారి శీర్షికను ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా బీపీ, పన్నెండేళ్లుగా షుగరు ఉన్నాయి. ఏడాదిగా నడక బాగా మందగించింది. గడప దగ్గరికి వచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతున్నారు. చేతులు మాత్రం వణకవు. ఒక డాక్టరు గారు పార్కిన్సన్స్ అని చెప్పి సిండోపా మాత్రలు రాశారు. ఇంకొకరు ఎమ్మారై చూసి, మెదడులో చిన్న రక్తనాళాలు మూసుకుపోయాయి, ఇది పార్కిన్సన్స్ కాదు అన్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇద్దరి మాటల్లోనూ నిజం ఉండవచ్చు. అయితే మీరు రాసిన లక్షణాలను బట్టి రెండవ వారి అనుమానాన్ని తేలికగా తీసుకోకూడదు.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన జబ్బు సాధారణంగా శరీరంలో ఒక పక్కనే మొదలవుతుంది. చేయి ఒడిలో ఊరికే పెట్టుకున్నప్పుడు వణుకుతుంది, గ్లాసు అందుకోబోతే ఆ వణుకు తగ్గుతుంది, నడిచేటప్పుడు ఆ పక్క చేయి ఊగదు. ఇంకాస్త వెనక్కి వెళ్లి అడిగితే, కొన్నేళ్ల ముందు నుంచే పోపు వాసన తెలియడం లేదనీ, మలబద్ధకం ఉందనీ, నిద్రలో కేకలు వేస్తూ కాళ్లూ చేతులూ విసురుతున్నారనీ ఇంట్లోవాళ్లు గుర్తు చేసుకుంటారు. మెదడు కాండం పైభాగంలో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లని చారలోని కణాలు ఏళ్ల తరబడి నశిస్తూ, అవి తయారుచేసే డోపమైన్ అనే, కదలికలకు సంకేతాలు మోసే రసాయనం తగ్గిపోవడమే ఇందులో జరిగే ముఖ్యమైన నష్టం.

రక్తనాళాల వల్ల వచ్చే తీరు వేరు. డోపమైన్ సంకేతాలను అందుకుని కదలికలను చక్కదిద్దే బేసల్ గాంగ్లియా మెదడులో బాగా లోతున ఉంటాయి. వాటికి రక్తం తెచ్చేవి పెద్ద ధమని నుంచి నేరుగా చీలి లోపలికి చొచ్చుకుపోయే దారప్పోగుల వంటి సన్నని కొమ్మలు. పెద్ద కాలువ నుంచి తిన్నగా చేలోకి వెళ్లే పిల్లకాలువలు ఎలా ఉంటాయో ఇవీ అలాంటివే కాబట్టి, ఒకటి పూడిపోతే దాని కింద ఉన్న మడిని పక్క కాలువ తడపలేదు. ఏళ్ల తరబడి బీపీ, షుగరు ఉన్నవారిలో ఈ కొమ్మల గోడలు మందమై, లోపలి దారి ఇరుకై, చివరికి మూసుకుపోతుంది. అక్కడ బియ్యపు గింజంతో, బఠాణీ గింజంతో మెదడు దెబ్బతింటుంది. మూతి వంకరపోవడం, చేయి పడిపోవడం వంటివేమీ లేకుండానే ఇలాంటివి ఒకదాని తరువాత ఒకటి జరిగి, కాళ్లను నడిపించే తీగలు అక్కడక్కడ తెగిపోతాయి. 1929లో మెక్‌డొనాల్డ్ క్రిచ్లీ అనే బ్రిటిష్ న్యూరాలజిస్టు ఈ రకాన్ని విడిగా వర్ణించారు.

ఈ రకంలో జబ్బంతా నడుము కిందనే ఉన్నట్టు కనిపిస్తుంది. మనిషి కుర్చీలో కూర్చుని చొక్కా గుండీలు చకచకా పెట్టుకుంటారు, అన్నం కలుపుకుంటారు, పేపరు మడతపెడతారు. లేచి నిలబడ్డాక మాత్రం కాళ్లు ఎడంగా వేసి, అరికాళ్లు నేలకు రాసుకుంటూ, చిన్న చిన్న అడుగులు వేస్తారు. మా గది బయట ఆ చెప్పుల రాపిడి చప్పుడు వినపడితే, మనిషి లోపలికి రాకముందే ఎవరికి ఏ జబ్బు ఉండవచ్చో కొంత ఊహ అందుతుంది. రెండు కాళ్లూ ఒకేలా దెబ్బతిని, చేతులకు వణుకు లేకుండా, బీపీ షుగరు చాలాకాలంగా ఉన్న మీ నాన్నగారి వర్ణన ఈ బొమ్మకు దగ్గరగా ఉంది.

అయితే చిన్న రక్తనాళాలు దెబ్బతిన్న గుర్తుగా ఎమ్మారైలో కనిపించే తెల్ల మచ్చలు ఉన్నాయి కాబట్టి పార్కిన్సన్స్ కాదని కేవలం ఆ ఫిల్ము చూసి తేల్చడం కుదరదు. డెబ్బై దాటిన వారిలో ఆ మచ్చలు ఎంతోమందికి ఉంటాయి, నిజమైన పార్కిన్సన్స్ ఉన్నవారికీ ఉంటాయి. ఒకే మనిషిలో రెండూ కలిసి ఉన్నప్పుడు నడక, తూలు, మతిమరుపు మరింత తొందరగా దిగజారుతాయి. అందుకే సిండోపా మాత్రను (మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపా మందు ఇందులో ఉంటుంది) కొన్ని వారాల పాటు, డాక్టరు చెప్పిన పూర్తి మోతాదు దాకా పెంచుతూ వాడి చూడడం సరైన పద్ధతే. పార్కిన్సన్స్ అయితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. రక్తనాళాల రకంలో చాలామందికి మేలు తక్కువ, కానీ కొందరికి ఉంటుంది. మాత్ర వేయకముందు ఒకసారి, నెల తరువాత ఒకసారి ఆయన గదిలో నడిచి వెనక్కి తిరిగి రావడాన్ని ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. రిపోర్టుల కట్టకంటే ఆ రెండు నిమిషాల వీడియో మాకు ఎక్కువ చెబుతుంది. మాత్ర పనిచేయడం లేదనిపించినా ఒక్కసారిగా మానిపించవద్దు, ఒళ్లు బిగుసుకుపోయి జ్వరంతో ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది.

మరొక విషయం కూడా కనుక్కోండి. నడకతో పాటు మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు కూడా మొదలైతే, మెదడు లోపలి గదుల్లో ద్రవం పేరుకుపోయే జబ్బును కూడా మనసులో పెట్టుకోవాలి. ఎంపిక చేసిన వారిలో గొట్టం అమర్చే ఆపరేషనుతో నడక మెరుగుపడుతుంది కాబట్టి దాన్ని వదిలేయకూడదు. ఆ ఎమ్మారైనే ఈ కోణంలో ఇంకోసారి చూడమని అడగండి.

గడప దగ్గర ఆగిపోవడానికి ఇంట్లోనే ఒక ఉపాయం ఉంది. గడపకు ఇవతల అడుగు అడుగున్నర ఎడంలో నాలుగైదు అడ్డపట్టీలు, నేల రంగుకు భిన్నమైన రంగు టేపుతో అంటించండి. "నడవండి" అనడానికి బదులు "ఆ పట్టీ దాటండి" అని చెప్పండి. చెయ్యి పట్టుకుని ముందుకు లాగితే మాత్రం బోర్లా పడతారు.

ఇక రక్తనాళాల సంగతి. మూసుకుపోయినవాటిని తెరవలేము కానీ మిగిలినవాటిని కాపాడుకోగలం. అమెరికాలో జరిగిన స్ప్రింట్ అనే పెద్ద పరిశోధనలో పై బీపీని 120 లోపు ఉంచడానికి ప్రయత్నించిన వారిలో, 140 లోపు ఉంచిన వారికంటే మెదడులో తెల్ల మచ్చలు పెరగడం తక్కువగా కనిపించిందని 2019లో వెల్లడించారు. అయితే ఆ పరిశోధనలో షుగరు ఉన్నవారిని చేర్చుకోలేదు. నిలబడినప్పుడు పై బీపీ 110 కంటే తక్కువకు పడిపోయేవారినీ చేర్చుకోలేదు. ఈ చివరి మాట ఎందుకు ముఖ్యమో కింది ఉత్తరం చెబుతుంది.

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు, ఆరేళ్లుగా పార్కిన్సన్స్. పొద్దున లేవగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయంటుంది. నెలలో రెండుసార్లు బాత్రూము దగ్గర పడిపోయింది. ఆసుపత్రిలో బీపీ 156 ఉందని ఇంకో మాత్ర కలిపారు. ఆ తరువాత ఇంకా ఎక్కువగా తూలుతోంది. బీపీ ఎక్కువ ఉన్న మనిషికి తల తిరగడమేమిటి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అమ్మగారి బీపీని కూర్చోబెట్టి చూసి ఉంటారు. నిలబెట్టి చూశారా?

మనం లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకీ పొట్టలోకీ జారుతుంది. ఆరోగ్యవంతులలో ఆ క్షణమే నరాలు రక్తనాళాలను బిగించి, గుండె వేగాన్ని కాస్త పెంచి, తలకు చేరే రక్తం తగ్గకుండా చూస్తాయి. పార్కిన్సన్స్‌లో నశించేవి డోపమైన్ కణాలు మాత్రమే కాదు, రక్తనాళాలను బిగించే ఈ నరాలు కూడా దెబ్బతింటాయి. బరువులో శరీరంలో 2 శాతమే అయినా, ఒంట్లో ఖర్చయ్యే ఆక్సిజనులో దాదాపు 20 శాతాన్ని మెదడే తీసుకుంటుంది. దానికి కొన్ని క్షణాలు లోటు వచ్చినా కళ్ల ముందు చీకటి కమ్ముతుంది. అదే నరాల లోపం వల్ల, నిలబడితే పడిపోయే బీపీ పడుకున్నప్పుడు పైకి ఎగబాకుతుంది. అందుకే ఒకే మనిషికి ఒకే పూట ఎక్కువ బీపీ, తక్కువ బీపీ రెండూ ఉంటాయి. పైగా సిండోపాతో సహా ఈ జబ్బుకు వాడే మందులు కూడా బీపీని తగ్గిస్తాయి.

నేను చూసిన ఒక పెద్దాయనకు మూడు బీపీ మాత్రలు నడుస్తున్నాయి. కూర్చున్నప్పుడు 148 ఉంది. బల్ల మీద అయిదు నిమిషాలు పడుకోబెడితే 170 అయింది. నిలబెట్టి మూడు నిమిషాలకు చూస్తే 88. ఆయన భార్య నా చేతిలోని బీపీ మిషను వైపు, ఆయన ముఖం వైపు మార్చి మార్చి చూశారు. ఇంట్లో ఆయన "మొండికేసి నడవడం లేదు" అని ఆమె రెండేళ్లుగా కోప్పడుతున్నారట. ఆ రోజు ఆమె ఏడ్చారు. ఈ చిన్న పరీక్ష ప్రతి పార్కిన్సన్స్ రోగికీ ప్రతిసారీ జరగాలని నేను ఎంతగానో కోరుకుంటాను. దానికి ఖర్చు లేదు, ఓ పది నిమిషాల ఓపిక చాలు.

ఇంట్లో చేతికి కట్టే ఎలక్ట్రానిక్ మిషను ఉంటే మీరే చేయండి. పొద్దున మాత్రలకు ముందు, అమ్మగారిని అయిదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి బీపీ, నాడి రాసుకోండి. ఒకరు పక్కన ఆసరాగా ఉండగా నిలబెట్టి, ఒక నిమిషానికీ, మూడు నిమిషాలకూ మళ్లీ రాసుకోండి. పై సంఖ్య 20 గానీ, కింది సంఖ్య 10 గానీ, అంతకు మించి గానీ పడిపోతే అది లెక్కలోకి తీసుకోవలసిన తగ్గుదల. బీపీ అంతగా పడినా నాడి పెద్దగా పెరగకపోతే, నరాల లోపమే కారణమన్న అనుమానం బలపడుతుంది. మూడు రోజుల అంకెలు ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించి, ఏ మాత్ర తగ్గించాలో, ఏది రాత్రికి మార్చాలో అడగండి. మీ అంతట మీరు మాత్రలు ఆపవద్దు. ప్రోస్టేటు కోసం మగవారు వాడే కొన్ని మాత్రలు కూడా ఇలాగే బీపీని పడగొడతాయి, ఆ చీటీలు కూడా వెంట తీసుకెళ్లాలి.

ఈలోగా మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టండి. రెండు దిండ్లు వేస్తే మెడ మాత్రమే వంగుతుంది, మంచమే వాలుగా ఉండాలి. ఇలా చేస్తే రాత్రి బీపీ మరీ పెరగదు, మూత్రం ఎక్కువగా పోవడం తగ్గుతుంది, పొద్దున లేచేటప్పటి తూలూ తగ్గుతుంది. లేవడానికి ముందు మంచం మీదే రెండు పెద్ద గ్లాసుల నీళ్లు, అంటే అర లీటరు దాకా, నాలుగైదు నిమిషాల్లో తాగించండి. గుటక వేయడం కష్టంగా ఉన్నవారికి, గుండె లేదా కిడ్నీ జబ్బు వల్ల నీళ్లు తగ్గించమన్నవారికి ఇది డాక్టరును అడిగాకే. తరువాత కాళ్లు కిందికి వేలాడేసి రెండు నిమిషాలు కూర్చుని, మడమలు పైకీ కిందికీ ఆడించి, అప్పుడు లేవాలి. మధ్యాహ్నం కడుపు నిండా అన్నం తిన్నాక రక్తమంతా పొట్ట వైపు మళ్లుతుంది కాబట్టి, కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తినడం మంచిది. పొట్టకు పట్టీ కట్టుకోవడం, తొడల దాకా వచ్చే బిగుతు మేజోళ్లు వేసుకోవడం పనికొస్తాయి. కానీ మన వేసవిలో ఆ మేజోళ్లు భరించడం కష్టమని నాకు తెలుసు, పొట్ట పట్టీ ఒక్కటైనా ప్రయత్నించండి.

ఉప్పు విషయంలో చాలా ఇళ్లలో తికమక ఉంది. తెనాలి పాఠకుడి నాన్నగారికి ఆవకాయ తగ్గించమంటాను. నిలబడితే బీపీ పడిపోయే వారికి, పడుకున్నప్పుడు మరీ పెరగకపోతే, గుండె, కిడ్నీలు బాగుంటే, ఉప్పు కాస్త ఎక్కువ తినమని మేమే చెబుతాం. ఇద్దరూ పార్కిన్సన్స్ మాత్రే వేసుకుంటున్నారు కదా అని ఒకరి పథ్యం మరొకరికి అంటగట్టకూడదు.

ప్రశ్న: పార్కిన్సన్స్ అసలు మెదడు రక్తనాళాల్లోనే మొదలవుతుందని చదివాను. నిజమేనా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: అంత దూరం ఇంకా వెళ్లలేము. పార్కిన్సన్స్‌తో మరణించిన వారి మెదళ్లను సూక్ష్మదర్శినిలో చూసిన పరిశోధకులకు కేశనాళికలు కొన్నిచోట్ల లోపలి కణాలన్నీ పోయి, రక్తం పారని ఉత్త దారపు ముక్కల్లా మిగిలి కనిపించాయి. రక్తంలోని ప్రతి పదార్థాన్నీ మెదడులోకి రానివ్వకుండా కాపలా కాసే కేశనాళికల గోడ కొన్ని ప్రాంతాలలో కారుతున్న గుర్తులు కూడా ఉన్నాయి. ఆ కాపలా ఎంత గట్టిదో లెవోడోపా మాత్రను బట్టే తెలుస్తుంది. డోపమైన్‌ను నేరుగా ఇస్తే ఆ గోడ దాటలేదు కాబట్టే, దాటగలిగే లెవోడోపాను ఇచ్చి, మెదడులో డోపమైన్‌గా మారేలా చూస్తున్నాం. కాపలా సడలితే రావలసినవీ, రాకూడనివీ లోపలికి వస్తాయి, కణాల చుట్టూ వాపు పెరుగుతుంది. అయితే కణాలు నశించడం వల్ల నాళాలు పాడయ్యాయా, నాళాలు పాడవడం వల్ల కణాలు నశించాయా అన్నది తేలవలసి ఉంది. చికిత్సకు ఇప్పటికిప్పుడు దీనివల్ల మార్పు లేదు. నాళాలు బాగుంటే జబ్బు మీద ఇంకో జబ్బు పడకుండా ఉంటుందన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాట.

ప్రశ్న: ముందు జాగ్రత్తగా రక్తం పలుచన చేసే మాత్ర రోజూ వేసుకుంటే వణుకుడు జబ్బు రాకుండా ఉంటుందా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఉండదు. పక్షవాతం, గుండెపోటు వచ్చినవారు డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మానకూడదు. అవేవీ లేనివారు సొంతంగా మొదలుపెడితే కడుపులోనో తలలోనో రక్తస్రావం అయ్యే ప్రమాదమే ఎక్కువ, అందులోనూ తరచూ పడిపోయే మనిషికి.

ప్రశ్న: తల తిరుగుతోందని మూడేళ్ల కిందట మెదడుకు రక్తం బాగా అందే మాత్ర అని ఇచ్చారు. అది వేసుకుంటే బాగుండడంతో మందుల షాపులో కొనుక్కుని రోజూ వాడుతున్నాను. ఆరు నెలలుగా నడక మెల్లగా అయి, చేతులు వణుకుతున్నాయి.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఉత్తరంతో జతచేసిన చీటీలో ఉన్న పేరు సిన్నరిజిన్. ఈ శీర్షికలో ఇంతకంటే ముఖ్యమైన జవాబు నేను రాయలేదేమో. సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ అనే మందులను తల తిరుగుడుకీ, పార్శ్వపు నొప్పికీ వాడతారు. రక్తప్రసరణ మెరుగుపరుస్తాయని చాలాకాలంగా పేరు. కానీ అవి మెదడులో డోపమైన్ పనిచేయవలసిన చోటును కూడా అడ్డుకుంటాయి. నెలల తరబడి, ముఖ్యంగా వయసు మళ్లినవారు వాడితే అచ్చం పార్కిన్సన్స్ లాంటి నెమ్మది, బిగుతు, వణుకు వస్తాయి. గ్యాస్ మాత్రలలో కలిపి ఇచ్చే లెవోసల్పిరైడ్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ కూడా ఇదే పని చేస్తాయి. ఈ వారమే న్యూరాలజిస్టును గానీ, మీ ఫిజీషియన్ను గానీ కలిసి, మీరు వాడుతున్న ప్రతి మాత్ర అట్టనూ బల్ల మీద పెట్టండి. ఈ మందు మానేసిన వారిలో ఎక్కువమంది కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో కోలుకుంటారు. కొందరిలో మాత్రం, అప్పటికే లోపల మొదలైన అసలు పార్కిన్సన్స్‌ను మందు ముందుగా బయటపెట్టినట్టు తరువాత తెలుస్తుంది. పాత చీటీ పట్టుకెళ్లి ఏళ్ల తరబడి అదే మాత్ర కొనుక్కునే అలవాటు వల్ల ఈ బాధ పడుతున్నవారిని చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది, ఎందుకంటే ఇది రాకుండా ఆపగలిగిన బాధ.

ప్రశ్న: మా అత్తగారికి పార్కిన్సన్స్. ప్రతి ఏడూ కార్తీక మాసంలో తెల్లవారుజామున చన్నీటి స్నానం, సోమవారం నక్షత్రాలు చూసేదాకా ఉపవాసం చేస్తారు. వద్దంటే బాధపడతారు. ఈ మధ్య ఎవరో చెప్పారని దూలగొండి గింజల పొడి కూడా పాలలో కలుపుకుంటున్నారు.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: దూలగొండి గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంటుంది, కంపవాతానికి ఆయుర్వేదం దాన్ని వాడడంలో అర్థం ఉంది. ఇబ్బంది ఎక్కడంటే, ఒక చెంచాలో ఎంత మందు ఉందో ఇంట్లో తెలియదు. సిండోపాతో కలిస్తే మోతాదు పెరిగి, ఒళ్లు మెలికలు తిరగడం, లేనివి కనిపించడం, నిలబడితే బీపీ పడిపోవడం జరగవచ్చు. డాక్టరుకు చెప్పకుండా వాడవద్దు. పాలలోని మాంసకృత్తులు లెవోడోపాతో పోటీపడి దాన్ని మెదడులోకి పోనివ్వవు కాబట్టి, సిండోపా మాత్రనైనా భోజనానికి అరగంట ముందు నీళ్లతోనే వేసుకోవాలి.

ఉపవాసం వద్దని నేను చెప్పను, ఆమె మనసుకు అది అవసరం. కానీ మాత్రలు వేళ తప్పకూడదు, నీళ్లు మానకూడదు. నీళ్లు తాగితే వ్రతభంగం కాదని మీ పురోహితుల చేత చెప్పిస్తే ఆమె సులువుగా ఒప్పుకుంటారు. పగలంతా ఏమీ తినకుండా ఉండడానికి బదులు పండ్లు, పలచని మజ్జిగ మధ్యమధ్య ఇవ్వండి. మజ్జిగ మాత్రకు ఒక గంట అటూ ఇటూగా ఉండాలి. తెల్లవారుజాము స్నానానికి చెరువు దగ్గరికి తీసుకెళ్లవద్దు. లేవగానే మంచం మీద నీళ్లు తాగించి, కాసేపు కూర్చోబెట్టి, ఇంట్లోనే గోరువెచ్చని నీళ్లు, జారని చాప, వెనుక ఆనుకోవడానికి వీలున్న కుర్చీ ఏర్పాటు చేయండి. దీపం కూడా కూర్చునే వెలిగించుకోమనండి. స్నానాల గది తలుపు గడియ మాత్రం లోపల వేసుకోవద్దని చెప్పి, మీరు బయట ఉండండి.